రెండు వందల ఇరవై వోల్టుల టేప్ రికార్డర్

నాలుగు రోజులుగా ఆ పెట్టె డైనింగ్ టేబుల్ మీదే ఉంది. దాన్ని పక్కకి జరిపి కంచాలు పెట్టుకుని తింటున్నాం తప్ప, తీసి లోపల పెడదామని నేనూ అనలేదు, జయంతీ అనలేదు.

పెట్టె మీద మా కొట్టు స్టిక్కరుంది. ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద, ఇండియా వెళ్ళేవాళ్ళకి అక్కడి కరెంటుకి పనికొచ్చే రెండు వందల ఇరవై వోల్టుల సామాన్లమ్మే కొట్టు అది. ఏడేళ్ళుగా నేను అందులో నిలబడి అమ్ముతున్నాను. నా పెళ్ళాం నా సెలవు రోజు చూసుకుని వెళ్ళి, నేను పనిచేసే కొట్లోనే, నాకు తెలియకుండా టేప్ రికార్డర్ కొనుక్కొచ్చింది.

మంగళవారం నుంచీ అదే పోట్లాట. శుక్రవారం సాయంత్రం మళ్ళీ నేనే మొదలుపెట్టాను.

"కొట్లో జోసఫ్ ఏమనుకుని ఉంటాడు?"

జయంతి బీన్స్ ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఏమనుకుంటాడు? కస్టమర్ వచ్చింది, అమ్మాననుకుంటాడు."

"నువ్వు కస్టమర్‌వా?"

"డబ్బిచ్చి కొన్నానుగా."

"నాతో ఒక్క మాటంటే నేను తెచ్చేవాణ్ణి కాదా?"

"తెచ్చేవారు. అద్దాల బీరువాలో ఆర్నెల్లు కూర్చుని గీతలు పడ్డది తెచ్చేవారు. దీనికేం తక్కువొచ్చింది, పాడటం లేదా అనేవారు. మా అన్నయ్యకి పంపిన మిక్సీ అలాంటిదేగా."

ఆ మిక్సీ సంగతి ఈ ఇంట్లో ఎన్నోసారి వచ్చిందో నాకు లెక్క లేదు. నేను పెట్టె మూత తీశాను. మూడోసారి తీయడం. రెండు స్పీకర్లు, పైన పట్టుకోవడానికి హ్యాండిలు. ఆరు పెద్ద బ్యాటరీలు వేస్తే కరెంటు లేకపోయినా పాడుతుంది. మంచి సెట్టు. మంచిదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

రేడియో ముల్లు దగ్గర చూశాను. షార్ట్ వేవ్ రెండు బ్యాండ్లున్నాయి. ఈ దేశంలో షార్ట్ వేవ్ పట్టేవాడు లేడు. ఇక్కడి మామూలు సెట్లలో అదసలు ఉండదు. మా కొట్టుకి వచ్చి షార్ట్ వేవ్ ఉందా అని అడిగారంటే ఆ సెట్టు ఇండియాలో మోగవలసిందే.

"ఎవరికిది?" అన్నాను.

"నాకే."

"నీకా?"

"ఇంట్లో వాడుకోడానికి."

"ఏ ఇంట్లో? ఈ ప్లగ్గులో పెడితే ఇది మూలుగుతుంది తప్ప పాడదు."

"తెలుసు."

"తెలిసే కొన్నావా?"

"తెలిసే కొన్నాను."

వచ్చే గురువారం జయంతీ, మా అమ్మాయి రేణూ కాకినాడ వెళ్తున్నారు. ఆరు వారాలకని చెప్పింది. టికెట్లు ఏవని అడిగితే ట్రావెల్ ఏజెంటు దగ్గరున్నాయంది. ఆరు వారాలు ఉండి వచ్చే మనిషికి సొంతానికి టేప్ రికార్డర్ ఎందుకు? ఆ ప్రశ్న నా నాలుక చివర ఉంది. దాని వెనక ఇంకొకటి ఉంది. నువ్వు తిరిగొస్తావా? రెండే మాటలు.

అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

రేణు తన గదిలోంచి వచ్చింది. ఏడేళ్ళ పిల్లప్పుడు తీసుకొచ్చాం, ఇప్పుడు పదిహేను. తెలుగు అంతా అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం మాటల తోకలు కత్తిరించి మాట్లాడుతుంది.

"ఓ మై గాడ్. ఇంకా అదే ఫైటా? ఇట్స్ ఎ టేప్ రికార్డర్, డాడీ. అమ్మ గన్ కొనలేదు."

జయంతి నవ్వింది. ఈ వారంలో ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. నాకు ఒళ్ళు మండింది.

"లోపలికెళ్ళి చదువుకో."

"స్కూల్ క్లోజ్ అయింది డాడీ. సమ్మర్." పెట్టెలో ఉన్న సెట్టుని వేలితో నిమిరింది. "నువ్వు ఎందుకు రావు మాతో? నీకు లీవ్ ఇవ్వరా?"

"నేను కాకినాడ మొహం చూడను."

"వై?"

జయంతి బీన్స్ గిన్నె పక్కన పెట్టింది.

"అక్కడ మీ డాడీకి రేడియోల షాపు ఉండేది రేణూ. మూతపడింది. ఆఖరి రోజు షట్టర్ దించుతుంటే ఎదురుగా కిళ్ళీ కొట్టువాడు నవ్వాడట. అందుకని ఊరంతటి మీదా అలిగారు."

"నవ్వాడట ఏమిటి? నవ్వాడు. నా కళ్ళతో చూశాను."

"వాడు చచ్చిపోయి మూడేళ్ళయింది. మీరింకా రోజూ వాడికే జవాబు చెప్తున్నారు. నాతో మాట్లాడండి అంటే మాట్లాడరు."

"మాట్లాడుతూనే ఉన్నాగా!"

"జోసఫ్ గురించి మాట్లాడుతున్నారు. గీతలు, స్టిక్కర్లు, బీరువా గురించి మాట్లాడుతున్నారు."

తలుపు బెల్లు మోగింది. అప్పుడు మోగకపోతే నేనేమనేవాణ్ణో నాకే తెలియదు.

వచ్చింది మా చెల్లెలు శశికళ, వాళ్ళాయన రాధాకృష్ణ. శశి చేతుల్లో రెండు సంచులున్నాయి. మమ్మల్ని ఈ దేశానికి రప్పించింది శశే. కాగితాలు తను పెట్టింది, ఈ అపార్ట్‌మెంట్ తను చూసింది, సోఫా తన ఇంట్లోది పాతది ఇచ్చింది. అందుకని వచ్చినప్పుడల్లా సోఫా అంచు ఓసారి తడిమి చూస్తుంది.

"వదినా, పెట్టెలు సర్దేశావా? ఇదిగో, ఇవి కాస్త పడేసుకో. మా అత్తగారికి విటమిన్ మాత్రలు, మా మరిది పిల్లలకి చాక్లెట్లు, రెండు జతల బూట్లు. అంతే. పది పౌన్లు కూడా ఉండవు."

మేముండే పిస్కాటవేలో ఎవరు ఇండియా వెళ్తున్నారని తెలిసినా వారం ముందు నుంచీ ఇలాంటి సంచులు వస్తాయి. బరువు ఎక్కువైందని లోపల గొణుక్కుంటారే గాని, మొహమాటానికి ఎదురుగా ఎవరూ కాదనరు. రేపు మనం పంపాలన్నా ఇంకొకళ్ళే మోయాలి.

"వీలుకాదు శశీ," అంది జయంతి.

శశి సంచులు కిందపెట్టబోయి ఆగింది.

"ఏంటి వదినా?"

"పెట్టెల్లో చోటు లేదు."

"ఇద్దరు వెళ్తున్నారు. నాలుగు పెట్టెలు. నాలుగూ నిండిపోయాయా?"

"నిండిపోయాయి."

రాధాకృష్ణ ఇవేం పట్టనట్టు టేబుల్ దగ్గర టేప్ రికార్డర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. మందుల కంపెనీలో ఇంజనీరు. చేతికి ఏ వస్తువు దొరికినా దాని వెనక రాసింది చదవందే కింద పెట్టడు.

"ఏంటి బావగారూ, స్టాఫ్ డిస్కౌంటా? మాకు చెప్పనే లేదు."

"నాకూ చెప్పలేదు లెండి," అన్నాను.

ఆ మాట ఆయన చెవిని పడలేదు. "షార్ట్ వేవ్ కూడా ఉందే! మా ఆఫీసులో మూర్తిగారని ఉండేవారు. పర్మనెంట్‌గా ఇండియా వెళ్ళిపోతూ అచ్చం ఇలాంటిదే కొనుక్కెళ్ళారు."

రేణు తల్లి మొహంలోకి చూసి, వెంటనే కళ్ళు దించుకుంది. అది నేను చూశాను. చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

శశి లోపలి గదిలోకి వెళ్ళింది. పెట్టెలు లాగిన చప్పుడు వచ్చింది.

"తాళాలు వేసేశావా అప్పుడే? ప్రయాణం గురువారం కదా?"

"వేసేశాను."

"తియ్యి. ఏ మూలో నేను సర్దుతాను. బూట్లలో చాక్లెట్లు దూర్చేస్తే చోటు కూడా పట్టదు."

"తియ్యను శశీ."

శశి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"అన్నయ్యా, వింటున్నావా? పోయినసారి నేను వెళ్ళినప్పుడు వాళ్ళ అన్నయ్యకి మిక్సీ నేను మోసుకెళ్ళాను. బొంబాయి ఎయిర్‌పోర్టులో నా నడుం పడిపోయింది. నేను కాదన్నానా?"

నేను టేబుల్ మీద చిరిగిన ప్లాస్టిక్ గుడ్డని గోటితో గీకుతున్నాను.

"అవును శశీ, మోశావు," అంది జయంతి. గొంతు పెంచలేదు. "మమ్మల్నీ ఇక్కడికి నువ్వే మోసుకొచ్చావు. ఎనిమిదేళ్ళలో నువ్వు తెచ్చిందేదీ నేను కాదనలేదు. సోఫా అన్నావు, సరే అన్నాను. ఆదివారాలు మీ ఫ్రెండ్స్ పిల్లలకి పాటలు నేర్పమన్నావు, సరే అన్నాను. మందుల సీసాలకి మూతలు బిగించే పని ఉంది చేరమన్నావు, చేరాను. ఇదొక్కటీ కాదంటున్నాను."

"అది నేను సాయం చేశాననుకున్నాను వదినా."

"సాయమే. కాదన్నానా?"

"మరి ఈ దెప్పుళ్ళేమిటి? అన్నయ్యకి ఎనిమిదో క్లాసు చదువు. ఇక్కడ ఎవడు పని ఇస్తాడు? మావారు వెళ్ళి ఆ కొట్టు సేటుని బతిమాలి..."

"శశీ!" అన్నాడు రాధాకృష్ణ.

ఆగింది. కాని అన్న మాట వెనక్కి పోదుగా. నా చదువు సంగతి ఈ ఊళ్ళో తెలియనివాడు లేడు. పుట్టినరోజు పార్టీల్లో కొత్తగా వచ్చినవాళ్ళు మీరెక్కడ వర్క్ చేస్తున్నారండీ అని అడుగుతారు. చెప్తాను. అలాగా అండీ అని ప్లేటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఇంకోవైపు తిరుగుతారు. అలవాటైపోయింది. నా చెల్లెలి నోట, నా కూతురి ముందు వినడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

శశి సంచులు రెండూ గుమ్మం పక్కన పెట్టింది.

"ఇక్కడే పెడుతున్నాను. మనసుంటే తీసుకెళ్ళు. లేకపోతే చెత్తబుట్టలో పడెయ్."

రాధాకృష్ణ కాఫీ కూడా అడగకుండా వెనకాలే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ టేప్ రికార్డర్‌ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి మూత మూశాడు. పెద్దమనిషి.

రేణు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేనూ జయంతీ మిగిలాం.

"పెట్టెల్లో ఏముంది?" అన్నాను.

"బట్టలు, పుస్తకాలు."

"నాలుగు పెట్టెల నిండా?"

"నాలుగు పెట్టెల నిండా."

ఆమె అన్నం గిన్నె మీద మూత తీసింది. తీసి, పక్కన పెట్టకుండా అలాగే చేత్తో పట్టుకుని నిలబడింది. ఆవిరి మొహానికి తగులుతున్నా కదల్లేదు.

"ఇంకేమన్నా అడగాలా?" అంది.

నేను కంచం ముందుకి లాక్కున్నాను.

"అన్నం పెట్టు," అన్నాను.

*

శనివారం మా కొట్టుకి తీరిక ఉండదు. వేసవి సెలవులకి వెళ్ళేవాళ్ళంతా ఆ రోజే వస్తారు. జోసఫ్ కార్లో వెళ్తాను నేను. డ్రైవింగ్‌కి రాత పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి వెళ్ళలేదు. ఇంట్లో కారు జయంతి నడుపుతుంది, తన పనికి. జోసఫ్‌ది గుంటూరు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడిస్తాడు. ఎప్పుడూ దారి పొడుగునా కబుర్లు చెప్పేవాడు, ఈ నాలుగు రోజులుగా రేడియో పెట్టి కూర్చుంటున్నాడు.

మా కొట్లో రెండు రకాల బిల్లు పుస్తకాలున్నాయి. ఊరికే చూసి వచ్చేవాళ్ళకి తెల్లది. ఇక్కడి కాపురం ఎత్తేసి పూర్తిగా వెళ్ళిపోయేవాళ్ళకి పసుపుది. వాళ్ళకి అక్కడి కస్టమ్స్‌లో వేరే రాయితీ ఉంటుంది. అందుకని మా సేటు పద్ధతిగా పుస్తకం అచ్చు వేయించాడు. వస్తువు రాయాలి, పాస్‌పోర్ట్ చూడాలి, ఎంతమంది వెళ్తున్నారో వేయాలి, కింద ముద్ర కొట్టాలి. ముద్ర నా దగ్గరుంటుంది. ఈ దేశంలో నాకు దక్కిన అధికారం అదొక్కటే.

పదకొండింటికి ఒక డాక్టరు గారి కుటుంబం వచ్చింది. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు, వెళ్ళిపోతున్నారు. పసుపు పుస్తకం కోసం చెయ్యి చాపాను.

"నేను రాస్తాను దామోదర్ గారూ," అన్నాడు జోసఫ్ గబగబా. "మీరు ఆ వాషింగ్ మిషన్ వాళ్ళని చూడండి."

"నువ్వే చూడు."

పుస్తకం తీశాను. పై కాగితం సగం రాసి ఉంది. జోసఫ్ దస్తూరీ. పేరు దగ్గర జయంతి అని ఉంది. వస్తువు దగ్గర టేప్ రికార్డర్, ఒకటి అని ఉంది. మిగతా గళ్ళన్నీ ఖాళీ.

ఆ కాగితం చింపి, మడిచి జేబులో పెట్టుకుని, కింది కాగితం మీద డాక్టరు గారి బిల్లు రాశాను. తప్పు లేకుండా రాశాను. ముద్ర కొట్టి, నమస్కారం పెట్టి పంపించాను. తర్వాత జోసఫ్‌ని వెనక గోడౌన్లోకి పిలిచాను.

"ఇదేంటి?"

"మేడమ్ గారు పసుపు బిల్లు రాయమన్నారండీ. పాస్‌పోర్టులు తర్వాత తెస్తానన్నారు."

"నాకు చెప్పాలని తోచలేదా?"

"మీకు తెలుసనుకున్నానండీ."

"తెలుసనుకుంటే నాలుగు రోజులుగా కార్లో నోరెత్తవేం?"

జోసఫ్ అట్టపెట్టెల వైపు చూశాడు. "మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తున్నానండీ."

"నన్నడిగి చెయ్యాల్సింది," అన్నాను.

బయట సేటు కేకేస్తున్నాడు. మళ్ళీ వెళ్ళి కౌంటర్లో నిలబడ్డాను. ఎవరో ఇస్త్రీ పెట్టె అడిగారు, ఇచ్చాను. ఎవరో ఫ్రిజ్ రంగు బాగాలేదన్నారు, ఇంకో రంగు చూపించాను. వాళ్ళు ఏ భాషలో మాట్లాడారో కూడా గుర్తులేదు.

మధ్యాహ్నం రెండు దాటింది. లైను పెద్దదయింది. తల ఎత్తకుండానే "నెక్స్ట్" అన్నాను.

గాజు బల్ల మీద రెండు పాస్‌పోర్టులు పెట్టింది ఒక చెయ్యి. మూతలు బిగించి బిగించి బొటనవేలు పక్కన కాయ కాసిన చెయ్యి.

తల ఎత్తాను. జయంతి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఈ కొట్టుకి నన్ను చూడటానికి ఎప్పుడూ రాలేదు.

"జోసఫ్ దగ్గరికి వెళ్ళు," అన్నాను మెల్లిగా.

"ముద్ర మీ దగ్గరుంటుందట."

"ఇంటికొచ్చాక చూద్దాం."

"ఇంట్లో మీరు అడగరు," అంది. "నాలుగు రోజులు చూశాను. నిన్న గిన్నె మూత పట్టుకుని నిలబడ్డాను, ఇప్పుడన్నా అడుగుతారని. అన్నం పెట్టమన్నారు. ఇక్కడైతే అందరినీ అడుగుతారటగా. అందుకే లైన్లో నించున్నాను."

ఆమె వెనక ఐదుగురున్నారు. ఇద్దరు తెలుగువాళ్ళే. సేటు క్యాష్ దగ్గర నుంచి మా వైపు చూశాడు.

మడిచిన కాగితం జేబులోంచి తీసి, బల్ల మీద పరిచాను. చేత్తో ముడతలు సాపు చేశాను.

"వచ్చి ఎన్నేళ్ళయింది?"

"ఎనిమిది."

"వస్తువు?"

"టేప్ రికార్డర్. ఒకటి."

"అమ్మకానికా, ఇంట్లో వాడుకోడానికా?"

"ఇంట్లో వాడుకోడానికి."

రాశాను. కలం బాగానే నడిచింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

"చూసి వస్తారా? పూర్తిగా వెళ్ళిపోతున్నారా?"

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమెని నేను మీరు అనలేదు. కౌంటర్లో ఎవరినైనా అలాగే అడుగుతాం. నోటికి అలాగే వచ్చింది.

"పూర్తిగా," అంది జయంతి.

కళ్ళలో నీళ్ళు లేవు. నా వైపు సూటిగా చూస్తోంది. కాకినాడలో ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరుగా ఉన్నప్పుడు, తప్పు పాడిన పిల్లని ఇలాగే చూసేదేమో. ఆ ఉద్యోగం మాన్పించి తీసుకొచ్చింది నేను.

"మళ్ళీ ఆ స్కూల్లోకే రమ్మన్నారు," అంది. "జూలై ఒకటిన చేరాలి. పిల్లలకి వినిపించడానికి, వాళ్ళు పాడింది రికార్డు చెయ్యడానికి అక్కడ ఏమీ లేదట. అందుకే కొన్నాను."

"అదంతా నేను అడిగానా?"

"లేదు. చెప్తున్నాను."

"ఉత్తరం ఎప్పుడొచ్చింది?"

"ఫిబ్రవరిలో."

ఫిబ్రవరి. నాలుగు నెలలు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తిన్నాం.

"నువ్వు వెళ్ళిపోతే నేను..." అని ఆగాను. ఆ మాటకి మా పుస్తకంలో గడి లేదు.

లైన్లో వెనక ఉన్నాయన గడియారం చూసుకున్నాడు. ఆఖరి గడి మిగిలింది.

"ఎంతమంది?"

జయంతి మొదటిసారి కళ్ళు దించింది. రెండో పాస్‌పోర్టు మీద వేలు పెట్టింది.

"ఇద్దరం."

"రేణుకి తెలుసా?"

"మొన్న చెప్పాను."

"దాన్ని అడిగావా, చెప్పావా?"

వీధి తలుపు తెరుచుకుంది. రేణు లోపలికొచ్చింది, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ.

"అమ్మా, కార్లో చాలా హాట్. ఇంకా ఎంత..." అని నన్ను చూసి, నా చేతి కింద పసుపు కాగితం చూసి ఆగిపోయింది. లైన్లో వాళ్ళని దాటుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కాగితం తనవైపు తిప్పుకుని చదివింది. ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఏం రాస్తున్నావు డాడీ?"

"మీ అమ్మ రెండు రాయమంటోంది."

"టూ రాస్తే నేను వెళ్ళను."

"రేణూ!" అంది జయంతి.

"నేను సీరియస్ అమ్మా. టూ రాస్తే నేను ఎయిర్‌పోర్ట్‌కి కూడా రాను. శశి అత్త ఇంట్లో ఉంటా." మళ్ళీ నావైపు తిరిగింది. "త్రీ రాయి డాడీ. లేకపోతే వన్ రాయి. టూ మాత్రం వద్దు."

జోసఫ్ చేస్తున్న బేరం ఆపేసి మావైపు చూస్తున్నాడు. తెలుగువాళ్ళిద్దరూ పైకప్పుకేసి చూస్తున్నారు, వినపడనట్టు.

నేను జయంతిని చూశాను. ఒక్క మాట చాలు. రమ్మని గాని, వద్దని గాని. కాకినాడ మెయిన్ రోడ్డు, దించేసిన షట్టరు, ఎదురుగా ఆ కొట్టు కళ్ళ ముందు కదిలాయి. ఆ రోడ్డు మీద నడిచి ఎవరి ఇంటికి వెళ్ళను? సంగీతం టీచరు గారి భర్తనని చెప్పుకుంటూ?

"నువ్వేమంటావు?" అన్నాను.

జయంతి రేణు భుజం మీద చెయ్యి వేసింది. చూపు నా మీదే ఉంది.

"నేను అనుకోవాల్సింది ఫిబ్రవరిలోనే అనుకున్నాను," అంది. తర్వాత కూతురితో అంది. "నన్ను కాదు రేణూ. డాడీని అడుగు, వస్తారేమో."

రేణు నన్ను అడగలేదు. బల్ల మీద కలాన్ని నా వేళ్ళ వైపు జరిపింది.

"దామోదర్ భాయ్, లైన్!" అని సేటు అరిచాడు.

కలం తీసుకున్నాను. గడి నా బొటనవేలు గోరంత ఉంది. ముగ్గురం దానికేసే చూస్తున్నాం.